కంగారమ్మ తుడిచిన చక్రం

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ముగ్గురికీ మూడు పథకాలున్నాయి. తండ్రి పథకం, పేపరు ముఖం మీద కప్పుకుని ఇంకో కునుకు తీయడం. తల్లి పథకం, వంటింటి అలమరాలు దులపడం. కూతురి పథకం, వంటింటి బల్ల మీద కాఫీ గ్రైండరు విప్పి పాత పళ్ళచక్రాలు తీసేసి కొత్తవి బిగించడం. తల్లికీ కూతురికీ కావలసిన చోటు ఒకటే కావడంతో వచ్చింది చిక్కంతా.

తల్లికి ఇంట్లో కంగారమ్మ అని పేరు. పెట్టింది భర్త, ఖాయం చేసింది కూతురు. ఫోను మోగితే ఎవరికి ఏమైందోనని ఎత్తేది. మోగకపోతే ఎవరికైనా ఏమైనా అయిందేమోనని తనే చేసేది. స్క్రూడ్రైవరు పట్టుకున్న కూతుర్ని చూస్తే ఆమె గుండె గుమ్మం దాకా వెళ్ళి వచ్చేది.

"ప్లగ్గు పీకావా?"

"పీకానమ్మా."

"పీకినా లోపల కాస్త కరెంటు దాక్కునే ఉంటుందట."

"దాక్కోడానికి అదేమైనా దొంగా? నువ్వు నీ అలమరా చూసుకోమ్మా."

"చూసుకుంటాలే. ఆ చక్రం అంచులు కత్తుల్లా ఉన్నాయి. వేలు తెగితే ఆదివారం ఏ డాక్టరుంటాడు?"

గ్రైండరు లోపల రెండు ఉక్కు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి, తిరగలికి రెండు రాళ్ళున్నట్టు. వాటి నిండా పళ్ళు. వాటి మధ్యన పడి కాఫీ గింజ పొడి అవుతుంది. చక్రాలు ఎంత సమంగా కూర్చుంటే పొడి అంత సమంగా వస్తుంది, పొడి సమంగా ఉంటేనే కాఫీకి రుచి. ఈ సంగతి కూతురు ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విని విని తండ్రి నిద్రలో కూడా "సమంగా ఉండాలి" అనేవాడు.

కూతురు పనిచేసేది ఒక బట్టల దుకాణంలో, బిల్లు కౌంటరు దగ్గర. మనసు మాత్రం గ్రైండర్ల మీద. పాతసామాను దుకాణంలో దొరికిన ఈ గ్రైండరును తెచ్చి, తోమి, మోటారు బాగుచేసి, కొత్త చక్రాల కోసం నెలల తరబడి ఎదురుచూసింది. ఇప్పుడు వాటికి తోడు ఇంకో ఆశ కూడా తగిలింది. ఆ ఊళ్ళో కాఫీ గ్రైండర్లు బాగుచేసే వర్క్‌షాపు ఒకటుంది. దాని యజమానిని అందరూ మైక్రాన్ మాస్టారు అంటారు. మైక్రానంటే వెంట్రుకను నిలువునా డెబ్బై చీలికలు చేస్తే అందులో ఒక చీలిక మందం. ఆయన మాట కూడా అంతే పొదుపు. వర్క్‌షాపులోకి ఒక మనిషి కావాలని, చక్రాలు మార్చి కూర్చిన వాళ్ళు ఫోటో పంపితే నచ్చిన పని చూడ్డానికి తనే ఇంటికి వస్తానని, గ్రైండరు పిచ్చి ఉన్నవాళ్ళ ఫోను గ్రూపులో ఆయన కబురు పెట్టాడు. అప్పటినుంచి కూతురికి అన్నం సయించలేదు. కూతురికి సయించకపోవడం చూసి తల్లికీ సయించలేదు. తండ్రి ఒక్కడే తిన్నాడు.

కొత్త చక్రాలు బిగించడం సాఫీగానే అయింది. కూతురు ఏదో రాసింది, ఏదో తిప్పింది, మళ్ళీ పైభాగం విప్పి చక్రాన్ని కాగితం మీద బోర్లించింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. దుకాణం మేనేజరు, తాళంచెవి ఎక్కడ పెట్టావని. ఆమె మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళింది.

తల్లి అలమరా దగ్గరి స్టూలు దిగి వచ్చి చక్రాన్ని మెల్లగా తిప్పి చూసింది. పెట్టెలోంచి తీసినప్పుడు వెండి గిన్నెలా మెరిసిన కొత్త చక్రం, అంచు చుట్టూ నల్లగా మసి బారి ఉంది! కొంతమేర చెరిగింది గానీ చాలావరకు అలాగే ఉంది. కాఫీ గింజలు పడే చోటు. ఆ నలుపు పొడిలోకి పోతుంది, పొడి కాఫీలోకి, కాఫీ కూతురి కడుపులోకి. అక్కణ్ణించి ఆమె ఆలోచన తిన్నగా ఆసుపత్రి మంచం దాకా వెళ్ళి, సెలైను సీసా వేలాడగట్టి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

ఆమె చేతిలో తుడుపు గుడ్డ ఉండనే ఉంది. కూతురి చిన్నప్పటి పసుపు గౌను చించి చేసిన గుడ్డ. అంచులు పోగులు పోతున్నాయి, పారెయ్యమని భర్త పోరుతూనే ఉన్నాడు. "పిల్ల మొదటి అడుగు వేసింది ఈ గౌనులోనే" అని ఆమె దాచుకుంది, దాంతోనే పొయ్యి తుడుస్తోంది. ఆ గుడ్డతో చక్రం అంచు చుట్టూ తుడిచింది. చిత్రంగా నీళ్ళు కూడా అక్కర్లేకుండా నలుపంతా వచ్చేసింది. ఇంకోసారి తుడిచింది. మళ్ళీ వెండి గిన్నె. ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించి, చేసిన మేలు చెప్పుకోవడం తనకు అలవాటు లేదనుకుంటూ మళ్ళీ అలమరా దగ్గరికి వెళ్ళిపోయింది.

కూతురు తిరిగొచ్చి చక్రం తిప్పి చూసి కెవ్వుమంది.

"వేలు తెగిందా?" తల్లి స్టూలు మీంచి దాదాపు దూకింది.

"అమ్మా! మొత్తం చెరిగిపోయిందే!"

"ఏంటి చెరిగింది?"

"ఇంకు! అంచంతా మార్కరుతో నల్లగా రాశాను కదా. తర్వాత రెండు చక్రాలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు దగ్గరకి తెచ్చి చేత్తో తిప్పాను. వంకరగా కూర్చుంటే ఒక పక్కే రాసుకుని ఆ పక్కే చెరుగుతుంది. సమంగా కూర్చుంటే చుట్టూ చెరుగుతుంది. అందరికీ మొదట్లో ఒక పక్కే చెరుగుతుందమ్మా, కింద రేకు ముక్కలు పెట్టుకుంటూ రోజులు రోజులు కుస్తీ పడతారు. నాకు మొదటిసారికే చూడు... చుక్క కూడా మిగల్లేదు!"

తల్లి చేతిలోని పసుపు గుడ్డ మెల్లగా వీపు వెనక్కి వెళ్ళింది.

"చుక్క కూడానా?" అంది, గొంతు తనదేనా అన్నట్టు.

"చుక్క కూడా!" అంటూ కూతురు తల్లిని కావలించుకుని గిరగిరా తిప్పింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. తల్లి కళ్ళలోనూ నీళ్ళే, కారణాలు వేరు.

చెప్పేద్దామని తల్లి నోరు తెరిచేసరికి చక్రం ఫోటో మాస్టారికి వెళ్ళిపోయింది. ఆ కేకకు తండ్రి పేపరు తీసి లేచి వచ్చాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కూతురి విషయంలో అయితే ఆ గింజ నోట్లోకి వెళ్ళకముందే బయటికి వస్తుంది. విషయం సగం విన్నాడు, పావువంతు అర్థమైంది, వెంటనే అక్కకు ఫోను చేశాడు.

"అక్కా! మన పిల్ల చక్రం సమంగా కూర్చోబెట్టింది! ఏం చక్రమా? ఏదైతేనేం, మొదటిసారికే! పెద్ద పెద్దవాళ్ళకే రాదట!"

ఇంతలో కూతురి ఫోను టింగుమంది. మైక్రాన్ మాస్టారు జవాబు: 'చూశాను. మధ్యాహ్నం వస్తాను. చక్రం కదపవద్దు.'

ఇంటిల్లిపాదీ ఆ మూడు మాటలూ చదివారు. తండ్రికి అది సన్మానపత్రంలా అనిపించింది. తల్లికి పోలీసు నోటీసులా అనిపించింది.

తల్లి ధైర్యం కూడగట్టుకుని కూతురి పక్కన కూర్చుంది. "చూడమ్మా, ఒక్కోసారి మనం అనుకున్నది..."

"అమ్మా, నీకో సంగతి చెప్పనా? దుకాణంలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. 'బిల్లూ, ఇటు చూడు. బిల్లూ, తొందరగా.' అంతే. ఇవాళ ఊళ్ళో అందరికంటే బాగా ఈ పని తెలిసినాయన నా పని చూడ్డానికి మన మెట్లెక్కి వస్తున్నారు. నా పని చూడ్డానికమ్మా!" అని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఏదో అంటున్నావు?"

"ఏం లేదు. ఆకలేస్తోందా అని" అంది తల్లి. మాట గొంతు దాకా వచ్చి, అక్కడ కూర్చోడానికి చోటు లేక తిరిగి వెళ్ళిపోయింది.

కానీ ఇలాంటిది ఒక్కతే మోస్తే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది. భర్తను పడగ్గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"నేను తుడిచానండీ."

"ఏం తుడిచావు?"

"ఆ ఇంకు."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. "అంతానా?"

"చుట్టూతా. చుక్క కూడా వదల్లేదు" అంది. ఆ భయంలో కూడా ఆ మాటలో కొంచెం గర్వం పలికింది.

"కొంపముంచావు కదే! అక్కకి చెప్పేశాను, బయల్దేరింది కూడా. కింద మంగలిషాపులో చెప్పాను. పై అంతస్తు లెక్చరరుగారు మెట్ల మీద కనపడితే ఆయనకీ చెప్పాను. ఇప్పుడు అది వంకరని తేలితే, ఫోటో దొంగ ఫోటో అంటారు. మన పిల్లని అబద్ధాలకోరు అంటారు!"

"నేనే చెప్పేస్తానండీ పిల్లకి."

"ఇప్పుడా? ఆ మొహం చూశావా ఎలా వెలిగిపోతోందో? నీకు మనసెలా ఒప్పుతుంది? ఆగు. ఆలోచించనీ." తండ్రి కణత నొక్కుకున్నాడు. ఆయన ఆలోచిస్తే ఇంట్లో ఏదో ఒకటి పగలడం రివాజు. "ఇదిగో, గ్రైండరు తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటే లేకపోతే? పరీక్ష వాయిదా. ఆయన మళ్ళీ వారం వస్తాడు. ఈలోపల నువ్వు మెల్లగా పిల్లకి చెప్తావు, పిల్ల సరిచేసుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు."

పరీక్ష చేత్తో తిప్పి చేసేదని చెప్పవలసిన ఒకే ఒక్క మనిషి, కంగారులో ఆ ముక్కే మరిచిపోయింది. పైగా తన వంతు సాయంగా, ఇంట్లో ఉన్న మార్కర్లన్నీ ఏరి పంచదార డబ్బాలో గుచ్చి మూత పెట్టింది. పంచదార డబ్బా వైపు కూతురు కన్నెత్తి చూడదు. కాఫీలో పంచదార వేస్తే పళ్ళచక్రాన్ని అవమానించినట్టని ఆమె సిద్ధాంతం.

మధ్యాహ్నం తండ్రి కింద మీటర్ల గదిలో నిలబడ్డాడు. గోడ నిండా ఒకే పోలిక స్విచ్చులు, చిన్నప్పుడు క్లాసు ఫోటోలో పిల్లల్లా. ఎవరు ఎవరో తెలియదు. వీధిలో ఆటో ఆగిన చప్పుడు విని కంగారుపడి, ఏది లాగాలో తేలక కాసేపు తడుముకుని, చివరికి అన్నిటికంటే పెద్దగా కనబడ్డ దాన్ని దేవుడి మీద భారం వేసి కిందికి లాగాడు. గబగబా మెట్లెక్కి ఇంట్లోకొచ్చి, రొప్పుతూ, "అయ్యో, కరెంటు పోయిందే!" అన్నాడు. ఇంట్లో ఎవరూ ఇంకా చూసుకోకముందే.

"పోతే పోనీ నాన్నా. పరీక్ష చేత్తోనే కదా, కిటికీ దగ్గర వెలుతురుంది" అంది కూతురు బల్ల జరుపుకుంటూ.

తండ్రి తల్లి వంక చూశాడు. తల్లి గోడ వంక చూసింది.

అప్పుడే మెట్ల వైపు నుంచి దబదబమని చప్పుడూ, దాని వెనకే ఒక కేకా వినబడ్డాయి. "ఒరేయ్ తమ్ముడూ! లిఫ్టు ఆగిపోయిందిరా! నేనూ, ఎవరో పెద్దమనిషీ ఇరుక్కుపోయాం!"

ఆ పెద్దమనిషి ఎవరో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

తండ్రి వాచ్‌మన్‌ను వెతుక్కుంటూ కిందికి పరిగెత్తాడు. తల్లీ కూతురూ లిఫ్టు తలుపు దగ్గరికి పరిగెత్తారు. "ఊపిరాడుతోందా వదినా? కూర్చోండి! కాదు, నిలబడండి! ఏదీ ముట్టుకోకండి!" అని తల్లి ఇనుప తలుపులోంచి సలహాలు కురిపించింది. కానీ లోపల మేనత్తకు ఊపిరికి లోటేమీ ఉన్నట్టు లేదు. పక్కన కొత్త మనిషి దొరికాడు, పైగా ఎక్కడికీ పారిపోలేడు.

ఈ మేనత్తే, వచ్చినప్పుడల్లా "వంటింట్లో స్క్రూడ్రైవరేంటే, పప్పు కలుపుతావా దాంతో?" అని పిల్లను ఎత్తిపొడిచే మనిషి. ఎప్పుడో విప్పిన గోడగడియారం గురించి ఇప్పటికీ దెప్పుతుంది. కాబట్టి కూతురు పెదవి కొరుక్కుంటూ తలుపుకు చెవి ఆనించింది. లోపలినుంచి మేనత్త గొంతు ఖంగుమంది.

"మీరు మా మేనకోడలి ఇంటికేనా? మంచి చోటికే వస్తున్నారు. దాని చేతిలో స్క్రూడ్రైవరు పెడితే అంతేనండీ, ఇంక చూసుకోనక్కర్లేదు. ఇంతప్పుడు మా గోడగడియారం విప్పేసింది, మళ్ళీ తనే బిగించింది. ఒక్క స్క్రూ మిగిలిపోయిందనుకోండి. అయితేనేం, ఆ స్క్రూ లేకుండానే ఇప్పటికీ నడుస్తోంది! అసలు ఆ స్క్రూ అక్కర్లేదేమో, చేసినవాడే తెలీక పెట్టాడేమో అంటాను నేను."

కూతురు తలుపుకు ఆనించిన చెవి తీయలేదు. తల్లి చూపు పక్కకి తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంత మంచి మాట వదిన నోట వినడానికి లిఫ్టు ఆగాల్సి వచ్చింది. ఆ సంతోషం మీదే మరింత భయం ఎక్కి కూర్చుంది: ఇప్పుడు పోయేది పిల్ల పరువు ఒక్కటే కాదు, వదిన మాట కూడా.

వాచ్‌మన్ వచ్చి, ఏదో చక్రం తిప్పి, లిఫ్టును అంగుళం అంగుళం పైకి తెచ్చి తలుపు తీశాడు. ముందు మేనత్త దిగింది, వెనక సన్నగా పొడుగ్గా ఒకాయన. కళ్ళద్దాలు తుడుచుకుని, వెనక్కి తిరిగి లిఫ్టును ఒకసారి చూశాడు.

"రెండు అంతస్తులకీ సరిగ్గా మధ్యలో ఆగలేదు. బెత్తెడు పైకుంది" అన్నాడు.

ఆయనే మైక్రాన్ మాస్టారని ఇంక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కిటికీ దగ్గర బల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. "పరీక్ష నా ముందు ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాడు మాస్టారు. కూతురు మార్కరు కోసం బల్ల సొరుగు లాగింది. పుస్తకాల అర వెతికింది. దిండ్ల కింద కూడా చూసింది. "పొద్దున ఇక్కడే పెట్టానే! నీకేమైనా కనిపించాయా అమ్మా?"

"మార్కర్లా? మనింట్లో ఎప్పుడున్నాయి మార్కర్లు?" అంది తల్లి, పంచదార డబ్బాకు వీపు ఆనించి.

"నా కనుబొమల పెన్సిలు ఇవ్వనా?" అంది మేనత్త సంచీ తెరుస్తూ.

మాస్టారు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. అందరి జేబుల్లో పెన్ను ఉండే చోట ఆయన జేబులో మార్కరుంది. తండ్రి నిట్టూర్చాడు.

కూతురు అంచు చుట్టూ నల్లగా రాసింది. చక్రాన్ని దాని చోట బిగించింది. రెండూ తాకేదాకా మెల్లగా దగ్గరకి తెచ్చి చేత్తో తిప్పింది. లోపల సన్నగా, పిచ్చుక కూసినట్టు చప్పుడైంది. విప్పి, తిప్పి, బల్ల మీద పెట్టింది.

ఒక పక్కన వెండిలా మెరుస్తోంది. రెండో పక్కన కాకిలా నల్లగా ఉంది.

మేనత్త తమ్ముడి చెవిలో, అంటే గదంతా వినబడేలా, "ఇది బాగున్నట్టా, బాగులేనట్టా?" అంది.

కూతురి ముఖం తెల్లబోయింది. "పొద్దున మొత్తం చెరిగింది సార్. నిజం. నేను అబద్ధం ఫోటో పంపలేదు..." గొంతు వణికింది. ఆ వణుకు తల్లికి తెలుసు. ఆ పసుపు గౌను రోజుల్లో పడిపోయి లేచి, ఏడవాలా వద్దా అని అమ్మ ముఖం వంక చూసేటప్పటి వణుకు.

ఆ చూపు వస్తే తల్లికి ఇంక భయం గుర్తుండదు. నడుము దగ్గర దోపుకున్న పసుపు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"అది అబద్ధం చెప్పలేదండీ. పొద్దున చెరిగిన మాట నిజం. చెరిపింది నేను. దీంతో. ఆ నలుపు కడుపులోకి పోతుందేమోనని తుడిచాను. అదేదో పరీక్షని నాకు తెలీదు. పిల్ల సంతోషపడిపోతుంటే చెప్పలేకపోయాను. మీరేమనాలన్నా నన్ననండి, దాన్నేమీ అనకండి. అది మనసులో ఒకటి, చేతిలో ఒకటి పెట్టుకునే పిల్ల కాదు."

"అమ్మా!" అంది కూతురు.

"కరెంటు తీసింది మాత్రం నేను" అన్నాడు తండ్రి. వరస చూసి తనకూ ధైర్యం వచ్చినట్టుంది.

"ఓరి నీ! అంటే నన్ను లిఫ్టులో వేలాడదీసింది నువ్వట్రా!" అంది మేనత్త.

మాస్టారు ఇవేవీ విన్నట్టు లేడు. గుడ్డ చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి, వేలాడే పోగును వేలితో కదిపి చూశాడు. తర్వాత ఫోను తీసి కూతురు పంపిన ఫోటోను పెద్దది చేసి తల్లి ముందు పెట్టాడు. వెండిలాంటి చక్రం, దాని పళ్ళ సందులో సన్నగా, చిన్నగా, పసుపుపచ్చని నూలు పోగు.

"నాకొచ్చే ఫోటోల్లో సగం గుడ్డ పెట్టి తుడిచినవేనమ్మా" అన్నాడు. గ్రూపులో వాళ్ళెవరూ ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడగా విని ఉండరు. "కాకపోతే వాళ్ళు పోగులు ఏరేసి మరీ పంపుతారు. ఇందులో పోగు అలాగే ఉంది. అంటే తుడిచిన మనిషి వేరు, ఫోటో తీసిన మనిషి వేరు. ఫోటో తీసిన పిల్లకి మోసం చేస్తున్నట్టే తెలీదు."

"మరి తెలిసే ఎందుకొచ్చారండీ?" అంది తల్లి.

"సరిగ్గా వచ్చినప్పుడు అందరూ బాగానే ఉంటారు. తప్పొచ్చిందని తెలిసినప్పుడు ఈ అమ్మాయి ఏం చేస్తుందో చూద్దామని."

అందరూ కూతురి వైపు తిరిగారు. ఆమె ఈ మాటలేమీ వినడం లేదు. స్క్రూడ్రైవరు అప్పటికే చేతిలో ఉంది.

"అమ్మా, వంటింట్లో రేకు కాగితం ఉందిగా, గిన్నెల మీద చుట్టేది? ఇటు తే. కత్తెర కూడా."

తల్లి తెచ్చింది. కూతురు మరలు తీసి చక్రాన్ని పైకెత్తి, దాని కింద కుంచెతో దులిపి, నలుపు మిగిలిన పక్క ఎక్కడుందో గుర్తు పెట్టుకుంది. అటు పక్క చక్రం కాస్త లోపలికి కూర్చుంది, అందుకే తగల్లేదు. గోరంత రేకు ముక్క కత్తిరించి అక్కడ పెట్టి, మరలన్నీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించింది. మళ్ళీ నలుపు రాసింది, తిప్పింది, విప్పింది. వెండి కొంచెం పెరిగింది. మళ్ళీ విప్పింది. ముక్కను ఇంకాస్త సన్నం చేసింది, ఇంకాస్త పక్కకి జరిపింది. నుదుటి మీద చెమట పట్టినా తుడుచుకోలేదు. దుకాణంలో 'బిల్లూ' అని పిలిస్తే ఉలిక్కిపడే పిల్ల ఈ పిల్లేనా అని తండ్రి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తల్లి మాత్రం ఆ వేళ్ళు ఎక్కడా తడబడకపోవడం చూస్తోంది. పొద్దుట్నుంచీ తెగుతాయేమోనని ఏ వేళ్ళ గురించి భయపడిందో అవే వేళ్ళు.

ఈసారి చక్రం కాగితం మీద బోర్లించినప్పుడు తండ్రి ముందు జాగ్రత్తగా తల్లి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

కూతురు చక్రాన్ని తిప్పింది. అంచు చుట్టూ ఒకే వెండి. పళ్ళ సందుల్లో పోగు కూడా లేదు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, చక్రాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అంచు మీద గోరు పెట్టి చుట్టూ నడిపించాడు. తల్లికి ఆ గోరు తన గుండె మీద నడుస్తున్నట్టే ఉంది.

"సరే" అన్నాడు చివరికి.

కూతురు ఏడ్చేసింది. ఆయన నోట 'సరే' అన్న మాట రావడం గ్రూపులో ఎవరూ ఎరగరని ఆమె తర్వాత చెబితేగానీ ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. "నీ దుకాణంలో చెప్పేసి రా. నా దగ్గర పాడైన గ్రైండర్లు గది నిండా ఉన్నాయి" అని కలిపాడాయన.

"అక్కడ జాగ్రత్తగా ఉంటుందాండీ? పెద్ద పెద్ద మిషన్లేమైనా..." తల్లి మొదలుపెట్టింది.

"అమ్మా!"

"సరేలే. అడగడం కూడా తప్పేనా?"

తండ్రి కిందికి వెళ్ళి, ఈసారి వాచ్‌మన్ చేత చూపించుకుని, స్విచ్చు పైకెత్తి వచ్చాడు. వస్తూ వస్తూ మంగలిషాపులోనూ, మెట్ల మీద లెక్చరరుగారికీ చెప్పాడు. పొద్దున చెప్పింది నిజం కాదని కాదు. పొద్దున చెప్పినదానికంటే ఇది పెద్దదని.

కూతురు కొత్త చక్రాలు శుభ్రపడడానికి ముందు పాత గింజలు వేసి తిప్పి ఆ పొడి పారబోసింది. తల్లి ఆ పొడి వంక చూసి ఏదో అనబోయి మింగింది. తర్వాత మంచి గింజలు వేసి కాఫీ దింపింది. ఇంటినిండా వాసన నిండింది. కప్పులు అందిస్తూ కూతురు తల్లి దగ్గర ఆగింది.

"ఎంత శుభ్రంగా తుడిచావే అమ్మా. నేనే నమ్మేశాను!"

"చేసే పనేదో సరిగ్గా చెయ్యాలిగా" అంది తల్లి, ముఖం చాటంత చేసుకుని. "సమంగా ఉండాలంటావుగా నువ్వే."

"నాకు మూడు చెంచాల పంచదార" అంది మేనత్త.

"అత్తా, దీంట్లో పంచదారేంటి? చక్రానికి అవమానం!"

"నీ చక్రం సంగతి తర్వాత. లిఫ్టులో అంతసేపు నీ గురించి మాట్లాడీ మాట్లాడీ గొంతెండిపోయిందే నాకు."

ఆనందంలో ఉన్న తల్లికి ఆ క్షణాన ఏదీ గుర్తులేదు. డబ్బా తెచ్చి అందరి మధ్యా బల్ల మీద పెట్టి, దర్జాగా మూత తీసింది. తెల్లటి పంచదారలో మార్కర్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒకదాని మూత ఊడి, చుట్టూ పంచదార నల్లగా కరిగింది. గుప్పుమని ఇంకు వాసన వచ్చింది.

మాస్టారు వంగి చూశాడు. "ఇవేనా మీ ఇంట్లో ఎప్పుడూ లేని మార్కర్లు?"

మేనత్త ఆ రోజు బుద్ధెరిగాక మొదటిసారి పంచదార లేని కాఫీ తాగింది. బాగుందని ఒప్పుకోవడానికి మాత్రం రెండో కప్పు దాకా ఆగింది.